తీసేసిన స్లైడుకు రేటెంత?

మా అక్క కొడుకు మైనింగ్ డిప్లొమా చదువుతున్నాడు. ఈ వారం ఓ సాయంత్రం షాపుకొచ్చి, ఫోను నా చేతిలో పెట్టి, "మామా, గిది కలర్ ప్రింటు తియ్యి, సెమినారుంది, సారుకు కాపీ ఇయ్యాల్నట" అన్నాడు. తెరిస్తే ఇరవై రెండు స్లైడులు. భూగర్భ బొగ్గు గనుల్లో రక్షణ మీద. ఎప్పుడు చేసినవురా అంటే, "గిప్పుడే, బస్సుల కూసొని" అన్నాడు. మంచిర్యాల నుంచి మందమర్రికి బస్సు ఎంత కొద్దిసేపట్లో వస్తుందో ఈ పేపరు చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. అందులో కొంతసేపు సీటు కోసం కొట్లాట కూడా ఉంటుంది.

నాకు కోపం ఆ వేగం మీద రాలేదు, మూడో స్లైడు మీద వచ్చింది. అక్కడ ఓ గని కార్మికుడి బొమ్మ ఉంది. అప్పుడే స్నానం చేసొచ్చినట్టున్న మొహం, ఇస్త్రీ చొక్కా, పసుపు హెల్మెట్, చేతిలో లాంతరు. మంట బాహాటంగా వెలుగుతోంది. బాయిలోకి దిగేముందు బీడీ కట్టా అగ్గిపెట్టె ఉన్నాయేమోనని జేబులు తడిమి పంపే ఊరు మాది. మీథేన్ చేరిన చోట ఒక్క అగ్గిపుల్ల చాలు. రక్షణ గురించి చెప్పే స్లైడు మీదే ఆ పాపం జరిగిపోయింది. కార్మికుడి వెనక గోడకు ఓ బోర్డు, దాని మీద తెలుగు లాంటిదేదో. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. తలకట్లున్నాయి, వంపులున్నాయి, కింద ఒత్తుల్లాంటి తోకలున్నాయి. అక్షరం మాత్రం ఒక్కటీ లేదు.

"సేఫ్టీ ల్యాంప్ అయ్యుంటది మామా, సిలబస్‌ల ఉంది" అన్నాడు మేనల్లుడు. తెలివైనోడే. 1815లో హంఫ్రీ డేవీ చేసిన దీపానికి ఇప్పటి సేఫ్టీ ల్యాంపులు వారసులు. మంట చుట్టూ సన్నటి లోహపు జాలీ ఉంటుంది కాబట్టి లోపలి మంట బయటి గ్యాసును అంటించదు. పైగా గ్యాసుంటే మంట మీద నీలిరంగు వెలుగు లేచి ఆ సంగతి చెప్తుంది. ఈ బొమ్మలో జాలీ లేదు. అది పాత సినిమాల్లో బంగళా వాచ్‌మన్ పట్టుకు తిరిగే లాంతరు. ఏ ఏఐ యాప్‌లో చేశాడో పేరు రాయను. గామా, కోపైలట్, జెమినీ, చాట్‌జీపీటీ, ఈ విషయంలో అన్నీ ఒకే తాను ముక్కలు.

నా డీటీపీ షాపు గురించి ఈ కాలమ్‌లో ఇప్పటికే చాలాసార్లు గోల పెట్టాను. అయినా కొత్తవాళ్ల కోసం మళ్లీ చెప్తాను. పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో పెళ్లికార్డులు, దశదినకర్మ కార్డులు, యూనియన్ల కరపత్రాలు కొట్టి బతికినవాణ్ని. మున్సిపాలిటీ ఎన్నికలు ఏజెన్సీ ప్రాంతమన్న చిక్కుతో ఏళ్లుగా జరగని ఊళ్లో మా షాపులకు పండగంటే సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలే. 1998లో మొదలైనప్పటి నుంచి ఆ సీజనొస్తే మూడు షిఫ్టులూ షాపు తెరిచే ఉండేది. 2023 డిసెంబర్ 27న ఏఐటీయూసీ గెలిచిన ఎన్నికల నాటికి కరపత్రం వాట్సాప్‌లోకి పోయింది. మధ్యలో మమ్మల్ని నిలబెట్టింది పీపీటీ. ఇంజినీరింగ్ పిల్లలు పుస్తకంలో పేజీలు మడతపెట్టి తెచ్చేవాళ్లు, మేం స్లైడుకింతని తీసుకుని చేసిచ్చేవాళ్లం. మొదట పేరు స్లైడు, రెండోది విషయసూచిక, చివర గులాబీలతో థ్యాంక్యూ స్లైడు. ఏ విషయమూ లేని ఆ మూడింటికీ రేటు ఒక్కటే. స్లైడుకింతని తీసుకునేవాడికి స్లైడులు తగ్గించాలని ఎందుకుంటుంది? ఆ థ్యాంక్యూ గులాబీల మీద నా పగ మాత్రం పాతదే. అవి ఎక్కడ కనిపించినా తీసెయ్యమంటాను, ఎవ్వరూ వినరు.

పవర్‌పాయింట్ పుట్టుక కూడా చిన్న షాపు కథే. ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ తయారుచేసి 1987 ఏప్రిల్‌లో మాకింతోష్ కంప్యూటర్ల కోసం విడుదల చేశారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కోటీ 40 లక్షల డాలర్లకు ఆ కంపెనీని కొనేసింది. అప్పట్లో అది చేసే పనల్లా ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే నలుపు తెలుపు షీట్లు ముద్రించి ఇవ్వడం. కాగితం మీద పెన్నుతో రాసేవాడికి చేతిరాత బాధ తప్పించారు, అంతే. ఆ బాధ తప్పగానే లోకమంతా షీట్లయిపోయింది. మా దగ్గర కూడా మల్టీ డిపార్ట్‌మెంటల్ టీమ్ అని రకరకాల విభాగాల అధికారులు గని మీదికొచ్చి సింగరేణి కంపెనీ లెక్కలు కార్మికులకు తెర మీద చూపిస్తుంటారు. లెక్క చెప్పడం మంచిదే. చెప్పకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

ఇంతవరకూ వచ్చాక నేను రాయాలనుకున్నది ఇదీ: ఏఐ చేసే స్లైడులన్నీ ఒకేలాంటి పడికట్టు మాటలు, ఎక్కడ గీరినా అదే రంగు, మనిషి చేతిరాత దేవుడు. రాయడం మొదలుపెట్టాక మా నాయిన అడ్డమొచ్చాడు.

నాయిన కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి, తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపే ఫిల్లర్‌గా చేరి, పరీక్ష పాసై కళ్యాణిఖని బాయిల్లో సర్దార్ అయ్యాడు. సర్దార్ పని తెలియని హైదరాబాద్ పాఠకుల కోసం ఓ మాట. షిఫ్టు మొదలవక ముందే తన జిల్లాలో, అంటే గనిలో తనకు అప్పగించిన భాగంలో, ప్రతి పని జాగాకూ పోయి చూడాలి. గ్యాసు పరీక్ష చేయాలి, గాలి ఆడుతోందో లేదో చూడాలి, చేతికర్రతో కప్పు తట్టి వినాలి. గట్టి బండ ఖణేల్ మంటుంది. లోపల విడిపోయిన బండ డొల్ల చప్పుడు చేస్తుంది. పైకొచ్చాక చూసిందంతా పేజీ నంబర్లు వేసి కుట్టిన పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ పెట్టిన పని ఇది. 2017లో ఆ నిబంధనలు మారి కొత్తవి వచ్చినా ఈ పని పోలేదు. చినిగితే తెలిసిపోవాలని పేజీ నంబర్లు, అడిగితే జవాబు చెప్పాలని సంతకం.

అసలు పుస్తకం గని దగ్గరే ఉంటుంది. నాయిన లోపల తిరిగేటప్పుడు జేబులో ఓ చిన్న నోట్‌బుక్ పెట్టుకుని అందులో గీసుకొచ్చి, పైన ఎత్తి రాసేవాడు. ఆ జేబు పుస్తకాలు మా ఇంట్లో ఉన్నాయి. బొగ్గు వేళ్లతో తిప్పిన పేజీలు. తెలుగు అక్షరాల్లో ఇంగ్లిష్: "గ్యాస్ నిల్. రూఫ్ అండ్ సైడ్స్ గుడ్. వెంటిలేషన్ గుడ్." తేదీ మారుతుంది, మళ్లీ అదే. నెలలకు నెలలు అదే. నేను టైపు నేర్చుకునే రోజుల్లో, "రోజూ అదే రాస్తవేంది నాయినా, ఓ కాగితం కొట్టిస్తా, తేదీ ఏస్కో" అన్నాను. అన్నం తినేవాడు తలెత్తలేదు. "రోజూ ఒక్కతీరుగ ఉండాల్ననే గదరా రాసేది. వేరే తీరుగ రాసిననాడు భయపడాలె."

అప్పుడు నాకది ముసలి మాటలా వినిపించింది. ఇప్పుడు స్లైడుల్ని పక్కన పెట్టి చూస్తే అందులో ఎంతుందో తెలుస్తోంది. పడికట్టు మాటను తిట్టడం నాలాంటి రాతగాళ్ల జబ్బు. ఏ మార్పూ లేని రోజుకు ఏ మార్పూ లేని వాక్యమే సరైన వాక్యం. "రూఫ్ గుడ్" అని రాసీ రాసీ, ఒకరోజు "మూడో డిప్పు పద్నాలుగో లెవెల్ మూల కప్పు డొల్ల. కంచె కట్టిన. మనుషులను పెట్టలె" అని రాస్తే, తర్వాతి షిఫ్టు సర్దార్ కళ్లు నేరుగా ఆ వాక్యం మీద ఆగుతాయి. చుట్టూ ఉన్నదంతా మామూలుగా ఉంది కాబట్టే ఆగుతాయి.

మేనల్లుడి స్లైడుల్లో జబ్బు దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఏ వాక్యమూ మామూలుగా లేదు. "కప్పు నిర్వహణ: సురక్షిత భవిష్యత్తుకు పునాది." "సమగ్ర గాలి ప్రసరణ వ్యూహం." "కీలక అంశాలు" అని పెట్టి కింద ఆరు చుక్కలు, ఆరు బొమ్మలు, ఆరింటికీ అదే సైజు. హెల్మెట్ పెట్టుకోవడమూ కీలకమే, కప్పు కూలడమూ కీలకమే. ప్రతి స్లైడుకూ కొత్త మాట, కొత్త రంగు. ఇందులో డొల్ల చప్పుడు ఎక్కడుందో ఏ సర్దారూ కనిపెట్టలేడు. ఏఐ పడికట్టు మాటలు రాస్తుందని అందరం అంటున్నాం గానీ, రోజూ ఉండేదానికి కూడా పెళ్లిబట్టలు కట్టడమే అసలు దాని తెగులని నాకు అనిపిస్తోంది.

ఈ తెగులు ఏఐతో పుట్టిందేమీ కాదు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని మింగిన కొలంబియా నౌకను గుర్తు చేసుకోండి. ఎగిరిన నిమిషంన్నర లోపే ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా పైనే ఉండగా ఇంజినీర్లు లెక్కలు వేసి నాసా అధికారులకు స్లైడులు చూపించారు. ఒక స్లైడు శీర్షిక చదివితే భయం అక్కర్లేదనిపిస్తుంది. అదే స్లైడు అడుగున చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, నౌకకు తగిలినది 1920. ఆరువందల నలభై రెట్లు! ఎడ్వర్డ్ టఫ్ట్ అనే ప్రొఫెసర్ ఆ స్లైడును ముక్కముక్కలుగా విప్పి చూపిస్తే, ప్రమాదంపై వేసిన విచారణ బోర్డు తన నివేదికలో ఆ విశ్లేషణకు చోటిచ్చింది. అబద్ధం ఎవరూ రాయలేదు. నిజం రాశారు, దానికి చుక్క కింద చుక్క పెట్టి అడుక్కి తోశారు. అదే ఏడాది జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. మా వైపు ఇళ్లలో ఆ తర్వాత కొలంబియా ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇక ఈ పరికరాల గురించి అందరూ చెప్పే మాట, ఉత్పాదకత. బొగ్గు ఊళ్లో పుట్టినవాడికి అది చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే. ఇక్కడ దాన్ని ఓఎంఎస్ అంటారు. తీసిన టన్నుల్ని పడిన మస్టర్లతో, అంటే హాజర్లతో, భాగిస్తే వస్తుంది. భూగర్భ గనుల్లో అది టన్ను, టన్నున్నర దగ్గర రొప్పుతుంది, ఓపెన్‌కాస్టులో దానికి ఎన్నో రెట్లు. ఫిల్లర్ల తట్టలు పోయి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చాయి, ఆ పైన ఓపెన్‌కాస్టులొచ్చాయి. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న కంపెనీ మనుషులు 40 వేల దగ్గరికొచ్చారు. బొగ్గు మాత్రం పెరిగి 2023-24లో 7 కోట్ల టన్నులైంది. ఆ లెక్క ఎన్ని ఇళ్లను ఊరు విడిపించిందో ఇంకో వారం రాస్తాను. ఇప్పటికి ఒక్కటే చెప్పాలి. బొగ్గు పైకొచ్చాక తూకం వేస్తారు, రాయి కలిస్తే గ్రేడు పడిపోతుంది. స్లైడుకు తూకమూ లేదు, గ్రేడూ లేదు.

పైగా అందులో లెక్కకు రానిది ఇంకొకటుంది. చేసేవాడి టైము గంటల నుంచి నిమిషాలకు దిగింది. వినేవాడిది ఎక్కడుందో అక్కడే ఉంది. అరవై మంది క్లాసులో ముప్పావు గంట సెమినారంటే 45 గంటల మనుషుల టైము, మా లెక్కలో ఐదారు మస్టర్లు. నేను స్లైడుకింతని తీసుకున్న రోజుల్లో కనీసం జేబు చూసుకుని పదిహేను దగ్గర ఆగేవాళ్లు. ఇప్పుడు ఆపేదేముంది? అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లోనే పవర్‌పాయింట్ మానేయమని, విషయాన్ని వాక్యాల్లో రాసి తెమ్మని చెప్పాడు. మీటింగు మొదట్లో అందరూ నోరు మూసుకుని ఆ కాగితాలు చదువుతారట. మన మీటింగుల్లో నోరు మూసుకోవడం ఒక్కటి కుదిరితే మిగతాది చూసుకోవచ్చు.

సరే, తిట్టి పంపిస్తే మేనమామను ఎట్లా అవుతాను? ప్రింటు తీయకుండా వాణ్ని కూర్చోబెట్టాను. "ఆ ఏఐనే అడుగు: ఈ ఇరవై రెండిట్ల బాయి దిగి చూసినోడు మాత్రమే చెప్పగలిగేది ఎన్ని?" వాడు టైపు చేశాడు. జవాబు తడుముకోకుండా వచ్చింది: ఒక్కటీ లేదు, ఇవన్నీ సాధారణ సమాచారమే. ఆ నిజాయితీ చూసి నాకే ముచ్చటేసింది. ఇంత సూటిగా చెప్పే సారు దొరకడం కష్టం. చేయమంటే మెరుగులు దిద్దేది, తట్టి చూడమంటే డొల్లని తనే చెప్తోంది. మనం దాని చేతికి రంగుల డబ్బా ఇస్తున్నామే గానీ సర్దార్ కర్ర ఇవ్వడం లేదు.

అప్పుడు నాయిన జేబు పుస్తకాలు తీయించాను. ఓ వంద పేజీల దాకా ఫోనుతో ఫొటోలు తీసి పెట్టి, "మామూలుగా రాసే మూడు మాటలు కాక వేరే ఏముందో అది మాత్రమే తేదీతో సహా ఇవ్వు" అని అడిగించాం. నాయిన చేతిరాత దానికి కొరుకుడు పడలేదు. "డిప్పు"ను "అప్పు" అని చదివింది, ఓ చోట "పంపు బందు" కాస్తా "పాము బందు" అయింది. తప్పులన్నీ పుస్తకం పక్కన పెట్టుకుని మేమే దిద్దాం. కానీ వేరేగా ఉన్న పేజీలు మాత్రం టకటకా ఏరి పెట్టింది. రోజూ ఒకేలా రాసిన మనిషి పుస్తకం కాబట్టి వేరేది పట్టుకోవడం యంత్రానికి సులువైంది. నాయిన నాలాగా రోజుకో అందమైన వాక్యం రాసుంటే ఏ ఏఐకీ దొరికేది కాదు. కప్పు డొల్ల, పంపు బందు, నీళ్లు మోకాలు దాకా, గాలి మందం. వానాకాలం నెలల్లో ఇలాంటివి గుంపులుగా ఉన్నాయి. అది మేనల్లుడే కనిపెట్టాడు, యంత్రమూ చెప్పలేదు, నేనూ చూడలేదు.

అక్కడి నుంచి వాడికి హుషారొచ్చింది. 2017 నిబంధనల పీడీఎఫ్‌ను నోట్‌బుక్ ఎల్‌ఎంలో వేశాడు. మనం ఇచ్చిన కాగితాల్లోంచే జవాబిచ్చి, ఏ పేజీలోంచి తీసుకుందో కూడా చూపించడం దాని పద్ధతి. ఈ పరికరాల్లో నాకు నచ్చినది అదొక్కటే. అడిగితే సంతకం దగ్గరికి తీసుకెళ్తుంది. నా దగ్గరున్న పాత రక్షణ కరపత్రాలు వేయబోతే అంతా చెత్తగా వచ్చింది. అను ఫాంట్లలో తెలుగు బొమ్మలు ఇంగ్లిష్ గుర్తుల చోట కూర్చుని ఉంటాయి, యూనికోడ్ చదివే యంత్రానికి అందులో తెలుగే కనిపించదు. తెర మీద తెరిచి ఫొటో తీసి ఇస్తే చక్కగా చదివింది. నా వయసు డీటీపీ వాళ్లెవరికైనా హార్డ్‌డిస్కుల నిండా అను ఫైళ్లు మూలుగుతుంటే ఈ కిటుకు వాడుకోండి. జనం జీతాల చిట్టీలు, ఆధార్ కాపీలు కూడా అదే ఊపులో వేసెయ్యకండి, అవి మనవి కావు.

రాత్రి షిఫ్టుకు పోయేవాళ్ల బండ్లు రోడ్డెక్కే వేళకు ఆరు స్లైడులు తేలాయి. ఒక దాని మీద నాయిన పేజీ ఫొటో, పక్కన ఆ ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో. ఇంకో దాని మీద నిబంధన, దాని నంబరుతో. లాంతరు పోయింది. బస్సులో తేలిగ్గా అయిపోయిన పనికి ఇద్దరు మనుషులు పూట గడిపి పదహారు స్లైడులు తగ్గించారు. ఓఎంఎస్ లెక్క కడితే మా ఇద్దరినీ ఇంటికి పంపించేస్తారు. ఆ టైము అరవై మందికి ఎంత మిగిల్చిందో ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు.

ప్రింటు తీసే ముందు రేటు సంగతొచ్చింది. కలర్ ప్రింటుకు పేజీకింత, అది మామూలే. "మరి పని చేసినందుకు?" అన్నాను. స్లైడు చేసినందుకు తీసుకునే కాలం పోయింది. ఇకనుంచి తీసేసిన స్లైడుకింతని బోర్డు పెడదామనుకుంటున్నానని చెప్పాను. వాడు వేళ్ల మీద లెక్క కట్టుకుని గాభరా పడి ఫోను లాక్కున్నాడు. ఏంట్రా అంటే, తెరను నాకు కనబడకుండా అటు తిప్పుకుని అన్నాడు:

"చివర్ల థ్యాంక్యూది ఒకటి పెట్టిన మామా, గులాబీలది. దాన్ని తీసెయ్యకు, నా దగ్గర పైసల్లేవు."